నూటికి డెబ్బై పైసలు: పేద దేశాల సాయం మీద ధనిక దేశాల లోటు నీడ

డీఎస్సీకి చదివినవాళ్ళకు ఏపీపీఈపీ అనే పేరు గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. దాని ఆరు సూత్రాలను వరసగా వల్లెవేయనిదే ఆ పరీక్షకు కూర్చోలేం. కృత్యాల ద్వారా నేర్పడం, పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టడం, చుట్టూ ఉన్న పరిసరాలనే పాఠానికి వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గోడకు తగిలించడం... ఇలా సాగుతాయి. బిట్లలో ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా వచ్చేది: ఈ పథకానికి ఆర్థిక సాయం చేసిన దేశం ఏది? జవాబు బ్రిటన్. టిక్కు పెట్టి ముందుకెళ్ళిపోయేవాళ్ళం. 1980ల్లో మొదలైన ఆ పథకానికీ, 1990ల్లో డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) మొదటి విడతగా కర్నూలు, నెల్లూరు, విజయనగరం, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో కట్టిన బడి గదులకూ వచ్చిన డబ్బు ఎక్కడో లండన్‌లో ఒక బడ్జెట్ పద్దులోంచి వచ్చింది. ఆ పద్దులో అంకె ఎవరు వేస్తారు, ఏం చూసి వేస్తారు అన్నది ఆ పుస్తకాల్లో ఉండేది కాదు.

పేద దేశంలో అవసరం ఎంతుందో చూసి వేస్తారనుకుంటాం. నిజానికి అక్కడ ముందు చూసేది సొంత ఖజానానే. పన్నులెంత వచ్చాయి, లోటెంత, పాత అప్పుల మీద వడ్డీ ఎంత, వచ్చే ఎన్నికల్లోపు ఏ పన్ను పెంచబోమని మాటిచ్చారు అన్న లెక్కలన్నీ తేలాక మిగిలినదాంట్లోంచి సాయం తీస్తారు. ఇది మిగతా దేశాల్లోనూ జరిగేదే అయినా బ్రిటన్‌లో జరిగినంత విప్పి చూపించేలా ఇంకెక్కడా జరగలేదు. అందుకే అక్కడి లెక్కనే పట్టుకుందాం.

ముందు 0.7 శాతం సంగతి. 1969లో కెనడా మాజీ ప్రధాని లెస్టర్ పియర్సన్ అధ్యక్షతన పనిచేసిన కమిషన్ ఈ అంకెను సూచించింది. 1970 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో ప్రతి వంద రూపాయలకు డెబ్బై పైసలు సాయంగా ఇవ్వాలన్నది సారాంశం. స్వీడన్, నెదర్లాండ్స్, నార్వే, డెన్మార్క్ 1970ల్లోనే ఆ గీత దాటాయి. బ్రిటన్‌కు 2013 దాకా పట్టింది. 2015లో దాన్ని చట్టంగా కూడా చేసుకుంది.

చట్టంలో రాసుకుంటే ఇక ఢోకా లేదనిపిస్తుంది. కానీ ఆ చట్టంలోనే ఒక తలుపు తెరిచి పెట్టారు. ఏదైనా ఏడాది లక్ష్యం అందుకోకపోతే మంత్రి పార్లమెంటుకు సంజాయిషీ చెప్పుకుంటే చాలు. ఆ సంజాయిషీకి పనికొచ్చే కారణాల్లో జాతీయాదాయం బాగా మారిపోవడం, పన్నుల మీదా ఖర్చు మీదా అప్పు మీదా పడే భారం ఉన్నాయి. సాయం పరిమాణం ఖజానా పరిస్థితిని బట్టి ఉంటుందని ఆ చట్టమే ఒప్పుకుందన్నమాట.

2020లో కోవిడ్ వచ్చింది. బ్రిటన్ ఆర్థిక వ్యవస్థ పదో వంతు దాకా కుంచించుకుపోయింది. సాయం ఆదాయంలో ఒక వాటా కాబట్టి ఆదాయం తగ్గగానే ఎవరూ కోయమనకుండానే సాయం దానంతటదే కోతపడింది. ఆ ఏడాది జూలైలోనే 290 కోట్ల పౌండ్ల మేర కార్యక్రమాలు తగ్గించాలని నిర్ణయించారు. ఇది శాతం ముట్టుకోకుండా జరిగిన కోత. అదే సమయంలో పేద దేశాల్లో రోజుకూలీలు పనిపోయి ఇళ్ళలో కూర్చున్నారు, బడులు మూతపడ్డాయి, టీకాల పని ఆగింది. అక్కడ అవసరం పెరుగుతున్న రోజుల్లోనే ఇక్కడ చెయ్యి బిగుసుకుంది. వాటాగా లెక్కగట్టే పద్ధతిలో ఉన్న చిక్కు ఇదే. ఇచ్చేవాడి ఆదాయం పడిపోయే కాలం, పుచ్చుకునేవాడికి ఎక్కువ అవసరమయ్యే కాలం చాలాసార్లు ఒకటే అవుతుంది.

రెండో కోత నవంబరులో వచ్చింది. అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్ 2021 నుంచి 0.7ను 0.5 చేస్తామని ప్రకటించారు. దేశం అప్పుల్లో మునిగిపోతోంది, గత్యంతరం లేదు అన్నది వాదన. ఇక్కడ ఒక్క కూడికా తీసివేతా చేసి చూడండి. ఆ ఏడాది ప్రభుత్వం చేయబోయే అప్పు 39,400 కోట్ల పౌండ్లని అక్కడి అధికారిక అంచనా. సాయం కోత వల్ల మిగిలేది దాదాపు 400 కోట్లు. నూరు రూపాయల అప్పులో ఒక్క రూపాయి. ఆ ఒక్క రూపాయి మిగిల్చినంత మాత్రాన ఖజానా ఒడ్డున పడదని ఆర్థిక శాఖలో ఎవరికీ తెలియదనుకోను. వేరే ఏ పద్దు మీద చెయ్యి వేసినా ఓట్లున్న వాళ్ళెవరో లేస్తారు. పింఛన్లు ముట్టుకుంటే ముసలివాళ్ళు, ఆస్పత్రులు ముట్టుకుంటే దేశమంతా. సాయం పద్దు మీద బతికేవాళ్ళకు మాత్రం ఆ దేశంలో ఓటు లేదు. గత్యంతరం లేక కోశామన్న మాటను నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే. గతి ఉంది. అయితే వాళ్ళకు అన్నిటికంటే సులువైన దారి ఇది.

2021 జూలై 13న పార్లమెంటులో ఈ కోత మీద ఓటింగ్ జరిగింది. 333 మంది అనుకూలం, 298 మంది వ్యతిరేకం. మాజీ ప్రధాని థెరెసా మే సొంత పార్టీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. అసలు విషయం మాత్రం ఆ తీర్మానంతో వచ్చిన రెండు షరతుల్లో ఉంది. రోజువారీ ఖర్చుల కోసం అప్పు చేయని పరిస్థితి రావాలి, దేశాదాయంతో పోలిస్తే అప్పు తగ్గుముఖం పట్టాలి. రెండూ జరిగితేనే మళ్ళీ 0.7. ఎంత ఇవ్వాలన్నది ఇక పూర్తిగా తమ అప్పుల చిట్టాకు ముడిపడిపోయింది. యెమెన్‌లో కరువో, సూడాన్‌లో యుద్ధమో ఆ షరతుల్లో ఎక్కడా లేవు.

2021 అక్టోబరు బడ్జెట్లో, 2024-25 నాటికి ఆ రెండు షరతులూ నెరవేరతాయని అంచనా వేశారు. ఆశ కలిగింది. ఇంతలో ఉక్రెయిన్ యుద్ధం, గ్యాస్ ధరలు, ద్రవ్యోల్బణం ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. బ్రిటన్ అప్పులో దాదాపు నాలుగో వంతు బాండ్లు ద్రవ్యోల్బణానికి కట్టేసినవి. ధరలు పెరిగితే ప్రభుత్వం కట్టాల్సిన మొత్తమూ వెంటనే పెరుగుతుంది. 2022-23లో వడ్డీ భారం 10,000 కోట్ల పౌండ్లు దాటింది. 2022 సంవత్సరంలో విదేశీ సాయం మొత్తం 1,280 కోట్లు. వడ్డీకి పోయేది సాయానికి పోయేదాని కంటే ఏడెనిమిది రెట్లన్నమాట. మన ఊళ్ళలో అప్పున్న ఇంట్లో ముందు వడ్డీ కట్టి, తర్వాత ఫీజులు కట్టి, ఆ తర్వాతే చుట్టాల పెళ్ళికి చదివింపులు చూసుకుంటారు. ప్రభుత్వాల వరసా అంతే. బాండ్లు కొన్నవాళ్ళకు ఒక్కరోజు వడ్డీ ఆపినా కుదరదు. సాయం ఆపితే అడిగే కోర్టు లేదు.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను బాధపెట్టిన సంగతి. ఆ 0.5 శాతం కూడా మొత్తంగా బయటికి వెళ్ళలేదు.

ధనిక దేశాల సాయం లెక్కలకు ఓఈసీడీ అనే ధనిక దేశాల కూటమిలోని ఒక కమిటీ నిబంధనలు రాస్తుంది. ఆ నిబంధనల ప్రకారం తమ దేశానికి వచ్చిన శరణార్థులకు మొదటి పన్నెండు నెలలు పెట్టే తిండి, వసతి ఖర్చును కూడా విదేశీ సాయంగా చూపించుకోవచ్చు. తప్పనిసరేం కాదు. లక్సెంబర్గ్, ఆస్ట్రేలియా అలా చూపించుకోవు. బ్రిటన్ చూపించుకుంటుంది. ఉక్రెయిన్ నుంచి కుటుంబాలు వచ్చాయి, చిన్న పడవల్లో ఇంగ్లిష్ చానల్ అనే సముద్రపు పాయ దాటి వేలమంది వచ్చారు, వాళ్ళ దరఖాస్తులు తేలకుండా నెలలు గడిచాయి. వాళ్ళను హోటళ్ళలో పెట్టారు. ఒక దశలో హోటళ్ళ బిల్లే రోజుకు 80 లక్షల పౌండ్లని ప్రభుత్వమే చెప్పింది. 2022లో ఇలా దేశంలోపలే ఖర్చయినది 370 కోట్ల పౌండ్లు, మొత్తం సాయంలో 29 శాతం. 2023లో 430 కోట్లు.

ఆ ఖర్చులో ఎక్కువ భాగం చేసేది హోం శాఖ. గంప మాత్రం ఒక్కటే, అప్పట్లో దాని కొలత 0.5. హోం శాఖ ఎంత తీసుకుంటే విదేశాంగ శాఖకు అంత తక్కువ. పైగా హోం శాఖకు పొదుపు చేయాలన్న ఒత్తిడి కూడా లేదు, ఎందుకంటే ఆ డబ్బు దాని సొంత కేటాయింపులోంచి పోవడం లేదు. 2022 జూలైలో విదేశాంగ శాఖ అత్యవసరం కాని సాయం చెల్లింపులన్నీ కొన్నాళ్ళు ఆపేసింది. ఆ నవంబరులో రెండేళ్ళకు కలిపి అదనంగా 250 కోట్లు ఇచ్చారు గానీ చిల్లు పూర్తిగా పూడలేదు. శరణార్థులకు అన్నం పెట్టొద్దని ఎవరూ అనరు. అది ఏ దేశానికైనా ధర్మం. దాన్ని ఇథియోపియా పేరు మీద రాసిన డబ్బుతో చేయడమే తప్పు. లెక్క పుస్తకంలో సాయం పెరిగినట్టు కనపడుతుంది, బయటి దేశానికి చేరేది తరిగిపోతుంది. 2023లో బ్రిటన్ సాయం 0.58 శాతానికి ఎగబాకిందని చదివి సంతోషించేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కోత పడినప్పుడు అది అందరి మీదా సమానంగా కూడా పడదు. ప్రపంచ బ్యాంకు పేద దేశాల నిధికీ, ఎయిడ్స్, క్షయ, మలేరియాల మీద పనిచేసే గ్లోబల్ ఫండ్‌కూ ఇచ్చే డబ్బు కొన్నేళ్ళ ముందే మాటిచ్చి సంతకం పెట్టింది. దాన్ని మధ్యలో తెంచడం కష్టం. కాబట్టి మొత్తంలో మూడో వంతు తగ్గిస్తే, ముట్టుకోవడానికి వీలున్న కార్యక్రమాల మీద దెబ్బ అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. యెమెన్‌కు 2020లో 16 కోట్ల పౌండ్లు ప్రకటించిన బ్రిటన్ 2021లో కనీసం 8.7 కోట్లు ఇస్తామంది. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి, పేద దేశాల ఆడవాళ్ళకు గర్భనిరోధక సాధనాలు, కాన్పు మందులు పంపే పథకం నడుపుతుంది. దానికి బ్రిటన్ ఇస్తామన్న 15.4 కోట్లు 2.3 కోట్లకు పడిపోయింది. ఎనభై అయిదు శాతం కోత. ఆ ఆపేసిన డబ్బే ఉంటే దాదాపు రెండున్నర లక్షల తల్లీబిడ్డల మరణాలను ఆపడానికి ఉపయోగపడేదని ఆ సంస్థ చెప్పింది. దేశాదాయంలో ఇరవై పైసల తేడా కాన్పు గది దాకా వెళ్ళేసరికి ఇంతవుతుంది.

ఇక 2025. ఫిబ్రవరి 25న ప్రధాని కియర్ స్టార్మర్ 2027కల్లా సాయాన్ని 0.3 శాతానికి దించుతామని పార్లమెంటులో చెప్పారు. మిగిలిన డబ్బుతో రక్షణ ఖర్చును దేశోత్పత్తిలో 2.5 శాతానికి పెంచుతారు. రష్యా భయం, అమెరికా నుంచి ఒత్తిడి రెండూ నిజమే, రక్షణ ఖర్చు అనవసరమని నేననడం లేదు. అయితే ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు దారులన్నీ ముందే మూసుకున్నారు. ఆదాయపు పన్ను, వ్యాట్, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతాల మీద వేసే సామాజిక భద్రతా చందా) పెంచబోమని ఎన్నికల్లో మాటిచ్చారు. రోజువారీ ఖర్చుకు అప్పు చేయబోమని తమకు తామే నియమం పెట్టుకున్నారు. ఇక తెరుచుకుని ఉన్నది ఒక్క తలుపే. అంతర్జాతీయ అభివృద్ధి మంత్రి ఆనెలీస్ డాడ్స్ మూడు రోజుల్లో రాజీనామా చేశారు. 1999 తర్వాత బ్రిటన్ సాయం వాటా ఇంత కిందికి దిగడం ఇదే అవుతుంది.

అన్ని ఖజానాలూ ఒకేలా స్పందించవు.

స్పెయిన్ చూడండి. 2009లో దాని సాయం జాతీయాదాయంలో 0.46 శాతం. ఇళ్ళ ధరల బుడగ పగిలింది, బ్యాంకులు కూలాయి, యూరప్ నుంచి పొదుపు షరతులు వచ్చాయి. 2012కల్లా 0.16. మూడేళ్ళలో మూడో వంతు మిగిలింది. ఫిన్లాండ్‌ది అంతకు ముందు తరం కథ. సోవియట్ యూనియన్ కూలి వ్యాపారం పోయి, బ్యాంకులు దివాలా తీసిన 1991-94 మధ్య 0.8 నుంచి 0.31కి జారింది. ఆర్థిక వ్యవస్థ కొన్నేళ్ళకే కోలుకుంది గానీ సాయం వాటా ఇప్పటిదాకా ఆ పాత ఎత్తుకు తిరిగి వెళ్ళలేదు. ఇది గమనించాల్సిన విషయం. కోత కష్టకాలంలో తాత్కాలికమని పేరు పెట్టుకుని వస్తుంది, మంచి రోజులొచ్చాక ఆ మాట ఎవరూ గుర్తు చేయరు.

జర్మనీలో రాజ్యాంగంలోనే అప్పుకు పగ్గం ఉంది. కేంద్ర ప్రభుత్వం మామూలు రోజుల్లో దేశోత్పత్తిలో 0.35 శాతానికి మించి లోటు పెట్టుకోకూడదు. కోవిడ్ కోసం అనుమతించిన అప్పులో వాడని 6,000 కోట్ల యూరోలను వాతావరణ నిధికి మళ్ళిస్తే, 2023 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం కుదరదంది. ఆ చిల్లు పూడ్చడానికి వెతికిన చోట్లలో సాయం ఒకటి. 2022లో 1,300 కోట్ల యూరోలు దాటి ఉన్న అభివృద్ధి సహకార శాఖ బడ్జెట్ 2025కి 1,030 కోట్ల దగ్గరికి వచ్చింది. 2025 మార్చిలో ఆ పగ్గాన్ని వదులు చేశారు. ఒక మేర దాటిన రక్షణ ఖర్చుకు, దాడికి గురైన దేశాలకిచ్చే సహాయానికి పరిమితి తీసేశారు. కాబట్టి ఉక్రెయిన్‌కు అప్పు తెచ్చి ఇవ్వొచ్చు. సహారా ఎడారి దక్షిణపు అంచున ఉన్న సాహెల్‌లో బావి తవ్వించడానికి మాత్రం పాత పగ్గమే. ఏ డబ్బును ఏ గీతకు అవతల లెక్కేస్తారన్నదే ఎవరికి చేరుతుందో తేలుస్తోంది.

ఆ గీత మనదాకా కూడా వచ్చింది. జపాన్ 1990ల్లో చాలా ఏళ్ళు ప్రపంచంలోనే పెద్ద దాత. అప్పులు పెరిగిపోయి 1997లో ఆ దేశం ఆర్థిక సంస్కరణల చట్టం తెచ్చింది. అప్పటి నుంచి సాయానికి పన్నుల డబ్బులోంచి ఇచ్చే కేటాయింపు తగ్గుతూ వచ్చి దాదాపు సగమైంది. జపాన్ రుణాలు మాత్రం ఆగలేదు. రుణం తిరిగొచ్చే డబ్బు కాబట్టి అది పన్నుల పద్దును పెద్దగా తాకదు, పాత రుణాల వాయిదాలే కొత్త రుణాలకు పనికొస్తాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డులో ఒక భాగానికీ, హుస్సేన్‌సాగర్ శుద్ధి పనులకూ జపాన్ ప్రభుత్వ సాయ సంస్థ జైకా ఇచ్చినవి అలాంటి రుణాలే. ఊరికే ఇచ్చింది కాదు, యెన్లలో తీర్చాల్సింది. టోల్ వసూలయ్యే రోడ్డుకు ఇది బాగానే పనిచేస్తుంది. ఏ రాబడీ రాని బడికీ, టీకాకూ పనిచేయదు. ఖజానా బిగిసిన కొద్దీ సాయం గ్రాంటు నుంచి రుణం వైపు, రుణం నుంచి పెట్టుబడి వైపు ఎందుకు జరుగుతుందో ఇక్కడ తెలుస్తుంది. బ్రిటన్ మన దేశానికి సంప్రదాయ సాయం 2015తో ఆపేస్తామని 2012లోనే ప్రకటించింది. ఆ తర్వాత కూడా తన ప్రభుత్వ పెట్టుబడి సంస్థ ద్వారా ఇక్కడి కంపెనీల్లో డబ్బు పెడుతూనే ఉంది. వాటాలు కొంటే అది ఆస్తి, లోటు లెక్కలో ఖర్చుగా పడదు.

చమురు, గ్యాస్ డబ్బున్న నార్వే జాతీయాదాయంలో ఒక శాతం ఇవ్వడాన్ని రివాజుగా పెట్టుకుంది. అయినా 2022లో గ్యాస్ ధరలు ఆకాశాన్నంటి ఆదాయం ఒక్కసారి ఉబికినప్పుడు దాని వాటా 0.86కి పడింది. డబ్బు ఎక్కువైనా ఇచ్చే చెయ్యి అంత వేగంగా కదలదు. పక్కనున్న స్వీడన్ అదే ఏడాది ఒక శాతం లక్ష్యాన్నే వదిలేసి ఏటా ఇంతని స్థిరమైన అంకె పెట్టుకుంది. అక్కడ ఖజానా ఖాళీ అయిందని కాదు, ప్రభుత్వం మారింది. లోటు ఉంటే సాయం తగ్గుతుంది, మిగులు ఉంటే పెరుగుతుందనే సూత్రం ఒక్కవైపే పనిచేస్తుందని నేను అంటాను. లోటు కోతకు సాకవుతుంది. మిగులు పెంపుకు హామీ కాదు.

అన్ని దేశాలూ కలిపి చూస్తే తొలి లెక్కల ప్రకారం 2024లో అధికారిక సాయం 21,210 కోట్ల డాలర్లు, ముందటేడు కంటే 7.1 శాతం తక్కువ. దాతల జాతీయాదాయంలో 0.33 శాతం. అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేయడానికి ముందు మాట ఇది.

ఒక మాత్ర కథ చెప్పి ఆపుతాను. బోదకాలు మన కోస్తా జిల్లాల్లో తెలియని ఇల్లు లేదు. ఏడాదికోసారి ఆశా కార్యకర్త ఇంటికొచ్చి, వయసు అడిగి, మాత్రలు చేతిలో పెట్టి, తన ముందే మింగమంటుంది. జబ్బు లేనివాళ్ళూ మింగాలి. ఊళ్ళో కనీసం 65 శాతం మంది, వరసగా కనీసం ఐదేళ్ళు మింగితేనే దోమల ద్వారా వ్యాపించే ఆ పురుగు గొలుసు తెగుతుంది. ఆఫ్రికాలోనూ దక్షిణాసియాలోనూ ఇదే పని మీద, ఇంకో నాలుగు జబ్బుల మీద బ్రిటన్ 2019లో అసెండ్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇలాంటి కార్యక్రమాల్లో మాత్రలు చాలామటుకు మందుల కంపెనీలు ఉచితంగా ఇచ్చేవి. వాటిని ఊళ్ళకు చేర్చి, ఇంటింటికీ పంచే ఖర్చే దాతది. 2021 కోతల్లో అసెండ్‌ను గడువు తీరకముందే ఆపేశారు. పంచేవాళ్ళు లేక కోట్ల మాత్రలు గోదాముల్లో గడువు దాటిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఆ మాత్ర ఐదేళ్ళు వరసగా పడాలి. దాన్ని ఇంటికి చేర్చే పద్దుకు మాత్రం ప్రతి బడ్జెట్లో కొత్తగా గండం గడవాలి.